అంతా మాయే సరే, ఆ రెండో గ్లాసు సంగతేంటి?

ఈమధ్య నా ఫీడ్ నిండా వాస్తవం మీద అనుమానాలే. "మీరు చూస్తున్నది నిజం కాదు." "ఈ ప్రపంచం మీ ఆలోచనల ప్రతిబింబం." "వాస్తవాన్ని ప్రశ్నించండి, మీ జీవితం మారిపోతుంది." వెనక వేణువు, ముందు తెల్ల కుర్తా, చివర్లో రిజిస్ట్రేషన్ లింకు. శని, ఆదివారాలు ఊరి బయట రిసార్టులో, భోజనంతో సహా. జగత్తు మిథ్య అని చెప్పే క్లాసుకి కూడా జీఎస్టీ మాత్రం పక్కా నిజం.

వెటకారం పక్కన పెడితే, అసలు మాటతో నాకు పేచీ లేదు. వాస్తవాన్ని ప్రశ్నిస్తే మనిషి మారతాడు. కాకపోతే ఏ వాస్తవాన్ని ప్రశ్నిస్తున్నాం అన్న దగ్గరే నా గొడవంతా. విశ్వం ఉందా లేదా అని అడగడం మహా సుఖమైన పని. జవాబు ఏదైనా సరే, రేపు పొద్దున మన ఇంట్లో ఒక్క చెంచా కూడా చోటు మారక్కర్లేదు. మన కులం, మన పరువు, మన మాటే నెగ్గాలన్న పంతం కూడా మనం నిజమని నమ్ముకున్నవే కదా. వాటి జోలికి ఏ రిసార్టు క్లాసూ పోదు. పోతే రెండో బ్యాచ్‌కి ఎవరూ రారు.

ముందు కళ్ల సంగతి చూద్దాం. కంటి వెనక నుంచి నరం మెదడుకి బయల్దేరే చోట కాంతిని పట్టుకునే కణాలు ఉండవు. అంటే ప్రతి కంటి చూపులోనూ ఒక ఖాళీ ఉంది. మెదడు చుట్టుపక్కల రంగుల్ని బట్టి ఆ ఖాళీని పూడ్చేస్తుంది, మనకి చెప్పకుండానే. 2015లో ఒక డ్రెస్ ఫొటో ప్రపంచమంతా తిరిగింది, గుర్తుందా? ఒకరికి నీలం, నలుపు. పక్కన కూర్చున్నవాళ్లకి తెలుపు, బంగారు రంగు. అసలు డ్రెస్ నీలం, నలుపే. అయినా తెల్లగా చూసినవాళ్లు అబద్ధమాడలేదు. వాళ్లకి నిజంగా అలాగే కనిపించింది. కాబట్టి "నా కళ్లారా చూశాను" అని బల్ల గుద్దేవాళ్లు కాస్త నెమ్మదిగా గుద్దడం మంచిది.

దీనికంటే నాకు బాగా నచ్చేది నాడీ శాస్త్రవేత్త వి.ఎస్. రామచంద్రన్ 1990లలో చేసిన పని. చెయ్యి పోయిన మనుషుల్లో కొందరికి ఆ లేని చెయ్యి నొప్పి పెడుతుంది. పిడికిలి బిగుసుకుపోయి గోళ్లు అరచేతిలో దిగుతున్నట్టు ఉంటుంది. విప్పుదామంటే చెయ్యే లేదు. ఆయన ఒక పెట్టె మధ్యలో అద్దం నిలబెట్టి, ఉన్న చెయ్యి ప్రతిబింబం పోయిన చెయ్యి స్థానంలో కనిపించేలా అమర్చాడు. ఉన్న పిడికిలి విప్పితే అద్దంలో రెండోదీ విప్పుకున్నట్టు కనిపించింది, కొందరికి నొప్పి తగ్గింది. అందరికీ పనిచేయలేదు, ఆ సంగతీ చెప్పుకోవాలి. ఇందులో గమనించాల్సింది ఏంటంటే, ఆయన రోగి దగ్గరికెళ్లి "నీకు చెయ్యే లేదు, ఇంకా నొప్పేంటి, అంతా భ్రమ" అని చెప్పి ఊరుకోలేదు. చెయ్యి లేదు, నొప్పి ఉంది. రెండూ ఒప్పుకున్నాడు కాబట్టే ఆ అద్దం ఆలోచన వచ్చింది.

మన దగ్గర నొప్పి ఉందని ఒప్పుకునే ఈ రెండో భాగం ఎగిరిపోతుంది. మా దూరపు బంధువు ఒకాయన ఉన్నాడు. పరామర్శకి వెళ్తే భర్త పోయిన ఆవిడ ముందు కూర్చుని "అంతా మాయ తల్లీ, ఎవరికి ఎవరు" అంటాడు. ఆవిడకేమో పిల్లల ఫీజులు, బ్యాంకు అప్పు, రాత్రిళ్లు నిద్రపట్టకపోవడం. ఇదే పెద్దమనిషి పొలం గట్టు రెండడుగులు జరిగిందని తమ్ముడి మీద కేసు వేసి ఏళ్ల తరబడి కోర్టు చుట్టూ తిరుగుతున్నాడు. ఆవిడ దుఃఖం మాయ. గట్టు మాత్రం మాయ కాదు. మాయావాదం మన ఊళ్లలో ఎక్కువగా ఇలాగే వాడుకలో ఉంది, పక్కవాడి బాధకి మందులాగా.

"గజం మిథ్య, పలాయనం మిథ్య" కథ తెలిసిందే. ఏనుగు తరుముకొస్తే పరిగెత్తిన శంకరుల్ని, జగత్తు మిథ్యన్నారుగా, మరెందుకు పరిగెత్తారని అడిగితే, ఏనుగూ మిథ్యే, నా పరుగూ మిథ్యే అన్నారట. నవ్వుకోవడానికి బాగుంది గానీ అద్వైతంలో సంగతి ఇంత గడుసుగా ఉండదు. ప్రాతిభాసికం (ఉన్నట్టు అనిపించేది), వ్యావహారికం (రోజువారీ బతుకు), పారమార్థికం (అంతిమ సత్యం) అని మూడు మెట్లు చెప్పారు. కలలో పాము మొదటి మెట్టు. వీధిలో ఏనుగు రెండోది. జ్ఞానం కలిగేదాకా ఆ రెండో మెట్టు పూర్తిగా చెల్లుబాటులోనే ఉంటుంది. ఆకలి, అప్పు, అన్యాయం అన్నీ అందులోవే. వాటిని "మిథ్య" అని కొట్టిపారేసే అధికారం మీకూ నాకూ ఎవరూ ఇవ్వలేదు.

శంకరుల మీదే ఇంకో కథ ఉంది, నాకు ఏనుగు కథ కంటే అదే ముఖ్యం. కాశీలో ఎదురొచ్చిన చండాలుణ్ని తప్పుకోమన్నారట. ఎవర్ని తప్పుకోమంటున్నావు, ఈ ఒంటినా, లోపలున్న ఆత్మనా అని అతను అడిగాడు. ఒళ్లు రెండూ అన్నంతో పెరిగినవే, ఆత్మ రెండు కాదని నువ్వే అన్నావు. మనీషా పంచకం అనే శంకరుల ఐదు శ్లోకాలు ఆ సందర్భంలో పుట్టాయని చెబుతారు. జరిగిందో లేదో అన్న చర్చ నాకు అనవసరం. అద్వైతం అంతా తెలిసిన మనిషికి అసలు ప్రశ్న నడివీధిలో, తాను పక్కకు జరగమన్న మనిషి నోటి నుంచి వచ్చింది. ప్రవచనాల్లో అయితే ఆ చండాలుడు సాక్షాత్తు శివుడేనని చెప్పి గబగబా ముగించేస్తారు. శివుడైతే దండం పెట్టడానికి ఎవరికీ అభ్యంతరం ఉండదు. శివుడు కాకపోతే?

రాజ్యాంగం 1950లో అమల్లోకి వచ్చింది, 17వ అధికరణంతో అంటరానితనాన్ని రద్దు చేసింది. ఆ తర్వాత కూడా మన పల్లెల్లో టీ కొట్ల దగ్గర దళితులకి విడిగా గ్లాసు పెట్టే రెండు గ్లాసుల పద్ధతి మీద దళిత సంఘాలు, వామపక్షాలు దశాబ్దాలపాటు కొట్లాడాల్సి వచ్చింది. డిస్పోజబుల్ కప్పులొచ్చాక కొన్నిచోట్ల సమస్య పైకి కనిపించడం మానేసింది, అంతే. పల్లెల్ని తిట్టి ఊరుకోకండి. సిటీ అపార్టుమెంట్లలో పనిచేసే ఆవిడకి ఇచ్చే గ్లాసు ఎక్కడుంటుందో చూడండి. సింకు పక్కన, లేదా బాల్కనీ గట్టు మీద, విడిగా బోర్లించి. అదే స్టీలు, అదే టీ, అవే నీళ్లు. రెండు గ్లాసుల మధ్య తేడా మొత్తం మన తలలోనే ఉంది, బయట ఎక్కడా లేదు. లేనిదాన్ని ఉన్నట్టు చూడటమే మాయ అయితే, ఇంతకంటే స్పష్టమైన మాయ ఎక్కడ దొరుకుతుంది? ఆ ఇంటి హాల్లో మాత్రం టీవీలో ఆత్మ ఒక్కటే అన్న ప్రవచనం నడుస్తూ ఉంటుంది. సౌండు కూడా గట్టిగానే పెడతారు.

"నలుగురు ఏమనుకుంటారో" అన్నది ఇంకొకటి. ఆ నలుగురి పేర్లు చెప్పమని అడిగి చూడండి, ఎవరూ చెప్పలేరు. అయినా పెళ్లి ఖర్చు, కూతురి చదువు, విడాకుల నిర్ణయం అన్నీ వాళ్లే తేలుస్తారు. ర్యాంకు కూడా అంతే. ఎవరో పెట్టిన పరీక్షలో వచ్చిన ఒక అంకె ఇంటర్ పిల్లాడికి తన మొత్తం విలువ అయిపోతుంది. ఫలితాలొచ్చిన వారం మన రెండు రాష్ట్రాల పేపర్లలో వచ్చే వార్తలు మళ్లీ రాయలేను. ఆ పిల్లలకి "ఈ అంకె నువ్వు కాదు" అని ఇంట్లో ఒక్కరైనా చెప్పి ఉంటే, అదే నా దృష్టిలో తత్వశాస్త్రం.

ఆంధ్రదేశంతో ముడిపెట్టి చెప్పుకునే బౌద్ధ తాత్వికుడు ఆచార్య నాగార్జునుణ్ని చూడండి. దేనికీ తనంతట తానుగా ఉండే స్వభావం లేదు, అన్నీ ఒకదాని మీద ఒకటి ఆధారపడి ఉన్నవే, అంతా శూన్యం అన్నాడు. వాస్తవాన్ని అంతకంటే లోతుగా తవ్వినవాళ్లు అరుదు. ఆయన రాసినదిగా చెప్పే రత్నావళి ఒక రాజుకి చేసిన ఉపదేశం. ఆ రాజు శాతవాహనుడని సంప్రదాయం. అందులో ఆ శూన్యవాది రాజుకి ఏం చెప్పాడంటే, బాటసారులకి సత్రాలు కట్టించు, నీటి తొట్లు పెట్టించు, పాఠాలు చెప్పేవాళ్లకి బతుకుతెరువు చూపించు, చీమల పుట్టల దగ్గర కూడా ఆహారం వేయించు అని. ఇంకా, ఖైదీలు విడుదలయ్యేదాకా వాళ్లకి క్షవరం, స్నానం, తిండి, నీళ్లు, మందులు, బట్టలు అందేలా చూడమన్నాడు. జైల్లో ఉన్నవాడి గడ్డం గురించి ఆలోచించాడండీ ఆయన. అన్నీ ఒకదాని మీద ఒకటి ఆధారపడి ఉన్నాయని నిజంగా అర్థమైతే ఖైదీ "ఖైదీ" అనే స్థిరమైన వస్తువుగా మిగలడు, పరిస్థితుల్లో చిక్కుకున్న మనిషిగా కనిపిస్తాడు. మన వీకెండ్ క్లాసుల నుంచి బయటికొచ్చేవాళ్లకి పార్కింగ్ దగ్గర వాచ్‌మన్ కూడా కనిపించడు.

రమణ మహర్షి కూడా ప్రపంచం ఉందా అని మొదలుపెట్టలేదు. 1896లో, పదహారేళ్లప్పుడు, మదురైలో ఉన్నట్టుండి చావు భయం పట్టుకుంటే శవంలా పడుకుని చచ్చేదెవరు అని చూసుకున్నారు. ఆ తర్వాత ఎవరు ఏం అడిగినా "అడుగుతున్నదెవరు" అని వాళ్ల మీదికే తిప్పేవారు. అరుణాచలంలో ఆశ్రమం వంటింట్లో కూర్చుని కూరగాయలు తరిగేవారు. మన రచయిత చలం అక్కడికి 1950లో వెళ్లిపోయాడు. అంతకుముందు ఆయన జీవితమంతా పెళ్లి, పరువు, పాతివ్రత్యం అనే వాస్తవాలతో తగువే, అందుకు తిట్లు, వెలివేత అన్నీ భరించాడు. ఆ తగువు మానేసి ఆధ్యాత్మికంలో పడ్డాడని కొందరు బాధపడతారు. నాకు రెండూ ఒకే ప్రశ్న రెండు వయసుల్లో అడిగినట్టు ఉంటుంది.

మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి లెక్క మరీ కఠినం. ఆయన్ని జగద్గురువు చేద్దామని ఒక సంస్థే పెట్టారు. 1929 ఆగస్టు 3న హాలండ్‌లోని ఓమెన్‌లో, మూడు వేలమందికి పైగా సభ్యుల ముందు దాన్ని రద్దు చేసేశాడు. కోటతో సహా ఆస్తులు ఇచ్చినవాళ్లకి తిరిగిచ్చేశారు. తన గురించి అందరూ నమ్ముతున్న వాస్తవాన్ని, అదీ తనకి సింహాసనం వేస్తున్నదాన్ని, ఆయనే కూలగొట్టాడు. ఇప్పటి గురువుల్లో ఎవరైనా డిపాజిట్ వెనక్కిచ్చినట్టు విన్నారా?

ఈ ప్రపంచమంతా ఎవరో నడిపిస్తున్న కంప్యూటర్ సిమ్యులేషన్ అనే బ్యాచ్ గురించి ఎక్కువ చెప్పను. తత్వవేత్త నిక్ బోస్ట్రమ్ 2003లో రాసిన వాదన తెలివైనదే, చదవండి. కానీ సిమ్యులేషన్‌లోనైనా అద్దె ఒకటో తారీఖునే కట్టాలి.

నాకు నిజంగా కోపం తెప్పించేది "నీ వాస్తవాన్ని నువ్వే సృష్టించుకున్నావు" అనే మాట. ఉద్యోగం పోయిన ఒక మిత్రుడికి అలాంటి కోచ్ ఒకడు "నీలో భయం ఉంది కాబట్టే లేఆఫ్‌ని ఆకర్షించావు" అని చెప్పాడట. వందలమందిని ఒకే మెయిల్‌తో తీసేస్తే, వందలమంది ఒకేసారి ఆకర్షించారా? కంపెనీ లెక్కలు, వడ్డీ రేట్లు, పైవాళ్ల తప్పుడు అంచనాలు ఏవీ అక్కర్లేదు, తప్పంతా ఆ పిల్లాడి మనసుది. ఇది వాస్తవాన్ని ప్రశ్నించడం అస్సలు కాదు. యజమానిని ప్రశ్నించకుండా చేసే ఏర్పాటు.

ఒక్క జాగ్రత్త కూడా చెప్పాలి. చుట్టూ ఉన్నది నిజం కాదన్నట్టు, అద్దం అవతల నుంచి చూస్తున్నట్టు, తన ఒళ్లు తనది కాదన్నట్టు కొందరికి అనిపిస్తుంది. తీవ్రమైన టెన్షన్, నిద్రలేమి, పాత గాయాల వల్ల ఇలా అవుతుంది. అది జ్ఞానోదయం కాదు, చాలా నరకం. అలాంటివాళ్లని ధ్యాన శిబిరానికి తోలకండి. డాక్టరుకి చూపించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు.

మార్పు చూశానా అంటే చూశాను. మా పిన్ని జాతకాల మీద గట్టి నమ్మకం ఉన్న మనిషి. పెద్దకూతురికి కుజదోషమని సంబంధాలు వరసగా తప్పిపోతుంటే ఒకరోజు "ఈ దోషం పిల్లలో ఉందా, కాగితంలో ఉందా?" అని బాబాయిని అడిగింది. ఆయన దగ్గర జవాబు లేదు. చిన్నదానికి జాతకం రాయించిన పుస్తకం బీరువాలోంచి తీయలేదు. ఇప్పటికీ పూజలు చేస్తుంది, శుక్రవారం తలస్నానం మానదు. పిన్ని ఏ క్లాసుకీ వెళ్లలేదు.

నాకు అద్వైతం తెలియదని రాయడానికి రెడీగా ఉన్నవాళ్లు తప్పకుండా రాయండి, వాదనకి నేనూ రెడీ. కాకపోతే మీ ఇంట్లో పనిచేసే ఆవిడ ఏ గ్లాసులో టీ తాగుతుందో మొదటి లైనులో రాసి, తర్వాత శ్లోకం పెట్టండి.