నాలుగు తీగల మహాసభ

మొన్న ఆదివారం సాయంత్రం కాజీపేట స్టేషన్ దగ్గరి ఒక చాయ్ హోటల్లో ట్రైసిటీ బేస్ గిటారిస్టుల మహాసభ జరిగింది. హాజరు నలుగురు. మామూలు గిటారుకు ఆరు తీగలు, కింది స్వరాలు పలికే మా బేస్ గిటారుకు నాలుగే. తీగకొకరు చొప్పున సరిపోయాం. వరంగల్, హన్మకొండ, కాజీపేట మూడూ గాలించినా అయిదోవాడు దొరకలేదు. దొరికిన ఒక్కడూ కీబోర్డు నేర్చుకుంటున్నానని ముఖం చాటేశాడు. ఎజెండా ఒక్కటే: చూసిన లైవ్ కాన్సర్టుల అనుభవాలు.

"చూసిన" అన్న మాటను అధ్యక్షుడి హోదాలో నేను రికార్డుల్లోంచి తొలగించాను. బేస్ వాయించేవాడు కాన్సర్టు చూడడు. తనిఖీకి వెళ్తాడు.

మొదటి సభ్యుడు ఇక్కడే రైలెక్కి, 130 కిలోమీటర్లు దాటి వెళ్లి, హైదరాబాదులో ఒక పెద్ద గాయకుడి కచేరీకి హాజరయ్యాడు. ఏం పాటలు పాడారో చెప్పలేడు. 3 గంటలూ అతని చూపు డ్రమ్స్ పక్కన చీకట్లో నిలబడ్డ ఒక మనిషి ఎడమచేతి మీదే ఉంది. అంత దూరం నుంచి వేళ్లు కనబడవు కదా, పెద్ద తెర మీద ఆశ పెట్టుకున్నాడు. కెమెరా గాయకుణ్ణి చూపింది, డ్యాన్సర్లను చూపింది, ముందు వరసలో ఏడుస్తున్న ఒక అమ్మాయిని మూడుసార్లు చూపింది. బేసిస్టును ఒకేసారి చూపింది, అదీ ఆయన నీళ్లు తాగుతున్నప్పుడు. మావాడు కుర్చీ ఎక్కి ఈల వేశాడట.

రెండో సభ్యుడిది శాస్త్రీయమైన బాధ. బేస్ గిటార్‌లో అన్నిటికన్నా లావు తీగను నొక్కకుండా మీటితే సెకనుకు దాదాపు 41 సార్లు ఊగుతుంది. ఆ శబ్దం అల పొడవు 8 మీటర్లకు పైనే. మనలాంటివాళ్ల హాల్లో పట్టదు. స్టేజీకి అటూ ఇటూ పెట్టిన బాక్సుల్లోంచి వచ్చే ఈ అలలు ఒకచోట కలిసి గుండె మీద గుద్దుతాయి, కాస్త పక్కకు జరిగితే ఒకదాన్నొకటి మింగేస్తాయి. అందుకని ఈయన భార్యాపిల్లల్ని కుర్చీల్లో కూర్చోబెట్టి, బేస్ ఎక్కడ బాగుందో వెతుకుతూ సర్వేయర్‌లా మైదానమంతా తిరిగాడు. "ఏం పోయినయ్ అన్నా, చెప్పులా?" అని ఒక వలంటీరు జాలిపడి టార్చి కూడా వేశాడు. చివరికి రెండు బాక్సులకూ సరిగ్గా మధ్యన, సౌండ్ మిక్సర్ ముందు, ఆ చోటు దొరికింది. ఇంటివాళ్లను పిలుద్దామని వెనక్కి తిరిగేసరికి వందన సమర్పణ జరుగుతోంది.

రుజువు కోసం ఫోన్లో వీడియో తీశాడు, పాపం. ఫోన్ స్పీకరుకు అంత కింది శబ్దం పలికే శక్తి లేదు. ఆవిడ శ్రద్ధగా విని, "అన్నీ వినొస్తున్నయ్, నువ్వు చెప్పేది తప్ప" అందట.

మూడో సభ్యుణ్ణి నేనే. ఒక కాలేజీ ఫెస్టుకు వెళ్లాను. బేస్ మోగుతోంది, మనిషి లేడు. కీబోర్డు ఆయనే ఎడమచేత్తో కానిచ్చేస్తున్నాడు. పీటల మీద పెళ్లికొడుకు బదులు అతని ఫొటో పెట్టినట్టు అనిపించి లేచి వచ్చేశాను.

నాలుగో సభ్యుడు ఏమీ మాట్లాడలేదు. అసలైన బేసిస్టు.

మమ్మల్ని కూరలో కరివేపాకు అంటారు. నేను ఒప్పుకోను. కరివేపాకును ఏరి కంచం అంచున పెడతారు, అంటే కనబడిందనే కదా! రెహమాన్ పాటల్లో కీత్ పీటర్స్ బేస్‌కు కాలు ఊపినవాళ్లనే ఆయన పేరు అడిగి చూడండి, ఏ సినిమాలో విలన్ అంటారు. శాస్త్రీయ కచేరీల్లో గాయకుడి వెనక తంబూరా మీటే మనిషి మా వంశానికి మూలపురుషుడు. ఆయన పేరూ ఎవరూ అడగరు. తప్పు కొంత మాదీ ఉంది, అది వేరే సంగతి. మన ఒగ్గు డోలు కళాకారులను చూడండి: డోలు మెడలో వేసుకుని గంతులేస్తారు, ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కి మరీ వాయిస్తారు. చూడక ఛస్తారా జనం? మేమేమో కేబుల్ పొడవు కూడా దాటం.

సభ రెండు తీర్మానాలు చేసింది. తెర మీద పది నిమిషాలకోసారి బేసిస్టు వేళ్లు చూపాలి, నీళ్ల బాటిల్ చెల్లదు. "రెండు తీగలు తెగినయా అన్నా?" అని అడిగినవాడు నలుగురికీ చాయ్ పోయించాలి.

మూడోది రాస్తుండగా రోడ్డు మీదికి ఒక బరాత్ వచ్చింది. డీజే బండి దెబ్బకు బల్ల మీద గ్లాసులు వణికాయి, షట్టరు గడగడలాడింది. మేం కళ్లు మూసుకుని విన్నాం. కింది శబ్దం బాగానే ఉంది, కాస్త బురదగా ఉంది అని ముగ్గురం తేల్చాం. హోటలాయన ముచ్చటపడి దగ్గరికొచ్చాడు.

"మీరేం వాయిస్తరు సార్?"

"బేస్."

"అరె, డీజేనా! ముందే చెప్పొద్దా. వచ్చే నెల మా తమ్ముని లగ్గం ఉన్నది. ఎంత తీసుకుంటరు?"

అప్పటిదాకా నోరు విప్పని నాలుగో సభ్యుడు రేటు చెప్పాడు.