క్యానెత్తిన పౌరులు

మా ఆఫీసులో ప్రతి ఉద్యోగీ నెలకు కనీసం 4 సార్లు స్వచ్ఛందంగా మంచితనం చూపాలి. చూపిన మంచితనాన్ని శుక్రవారం సాయంత్రం 5 లోపు పోర్టల్లో ఎక్కించి, ఫొటో జతచేయాలి. సాయం పొందినవాళ్లు 'అప్రూవ్' నొక్కాలి. నొక్కకపోతే సోమవారానికల్లా ఆ మంచితనం మురిగిపోతుంది, వాడుకోని సీఎల్ లాగా. అప్రైజల్లో దీనికి 15 మార్కులు. హెచ్చార్ పంపిన మెయిల్లో ఒక వాక్యం బోల్డులో ఉంది: 'స్వచ్ఛందంగా పాల్గొనుట తప్పనిసరి.' అచ్చుతప్పేమోనని మూడుసార్లు చదివాను. కాదు.

నవ్వకండి. దీని వెనక శాస్త్రం ఉంది. అమెరికాలో డెనిస్ ఆర్గన్ అనే ప్రొఫెసర్ 1988లో దీనిమీద ఒక పుస్తకమే రాశారు. జాబ్ చార్టులో లేని పని, జీతాల లెక్కలోకి నేరుగా రాని పని, ఉద్యోగి తనకు తోచి చేస్తాడు చూడండి, అలాంటివన్నీ పోగుపడితేనే సంస్థ సవ్యంగా నడుస్తుందన్నారాయన. దీన్ని 'పౌర ప్రవర్తన' అంటారు. అందులో పరోపకారం, నిబద్ధత, ఓర్పు, మర్యాద, పౌరబాధ్యత అని ఐదు రకాలు. ఐదింటినీ మా హెచ్చార్ డ్రాప్‌డౌన్లో పెట్టేసింది. 'లెక్కలోకి రాని' అన్న ముక్క ఉన్న పేజీ మీద మాత్రం కాఫీ ఒలికినట్టుంది.

ఓర్పు అంటే చిన్నచిన్న ఇబ్బందులకు సణగకపోవడం. సణగలేదని రుజువేం పెట్టాలి? మా పక్క సీటాయన నోరు మూసుకున్న ఫొటో ఒకటి అప్‌లోడ్ చేశాడు. 'స్పష్టత లేదు' అని తిరిగొచ్చింది. అప్పుడు సణిగాడు.

ఇక నీళ్ల క్యాను. మా పాంట్రీలో 20 లీటర్ల క్యానుంటుంది. దాన్నెవరు ఎత్తి డిస్పెన్సర్ మీద బోర్లిస్తారో ఇన్నేళ్లూ ఎవరూ పట్టించుకోలేదు. దాహమేసినవాడు ఎత్తేవాడు, చొక్కా తడుపుకునేవాడు, తాగి పోయేవాడు. ఇప్పుడది 'పరోపకారం, 5 పాయింట్లు'. పోర్టల్ తెరిచిన మొదటి బుధవారం క్యాను చుట్టూ ఏడుగురు మూగారు. ఒకడు మెడ పట్టాడు, ఒకడు అడుగు పట్టాడు. సీలు పీకినవాడు అది నిబద్ధత కిందకొస్తుందన్నాడు. 'జాగ్రత్త, జాగ్రత్త' అన్నవాడికి మర్యాద. తీరా ఎత్తి బోర్లించాక, అడుగు పట్టినవాడు తన మొహం ఫొటోలో పడలేదన్నాడు. దించారు. మళ్లీ ఎత్తారు. ఈలోగా అకౌంట్స్ పెద్దాయన గ్లాసు పట్టుకుని వస్తే ఆపేశారు, "సార్, ముందు అప్రూవ్ చేసి తాగండి" అని. ఫోను సీట్లో ఉందన్నారాయన. వెళ్లి తెచ్చుకున్నారు. ఓటీపీ రాలేదు.

రెండోవారానికి క్యాను నిండుగా ఉండటమే ఒక సమస్య అయి కూర్చుంది. ఖాళీ అయితే కదా మార్చేది! మినరల్ వాటర్‌తో టిఫిన్ డబ్బాలు కడగడం మొదలైంది. పొద్దున్నే వచ్చి సీసాలు నింపి సింకులో పారబోసేవాణ్ని నా కళ్లతో చూశాను. మిగతా నీళ్లు మనీప్లాంటుకి. వేళ్లు కుళ్లి అది చచ్చిపోయింది. కొత్త మొక్క తెచ్చినమ్మాయికి పౌరబాధ్యత కింద 10 పాయింట్లు. రోజుకు 4 క్యాన్లు పట్టే ఫ్లోరుకి ఇప్పుడు 11 పడుతున్నాయి. క్యాన్లు వేసే కుర్రాడు మాత్రం మా సంస్థ నిండు నూరేళ్లు వర్ధిల్లాలని మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాడు.

కాగితమ్మీద రాసిపెట్టిన విధుల మీదే ఆధారపడ్డ సంస్థ బహు పెళుసని డేనియల్ కాట్జ్ అనే సైకాలజీ ప్రొఫెసర్ 1964లోనే చెప్పారు. మన యూనియన్లకు ఆయన్ని చదవాల్సిన పని పడలేదు. వర్క్ టు రూల్ అంటే ఏమిటి మరి? సమ్మె కాదు, రాళ్లు వేయడం కాదు. రూల్సు పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చేయడం, అంతే. దెబ్బకి బండి చతికిలబడుతుంది. బలవంతంగా చేయించుకునే 'పౌర ప్రవర్తన' గురించి ఎరాన్ విగోడా-గడోట్ అనే ఇజ్రాయెల్ ప్రొఫెసర్ 2006లో హెచ్చరిస్తూ రాశారు. మనకు అంత పెద్ద పేరు అక్కర్లేదు. ఇష్టంగా చేస్తున్నట్టు మొహం పెట్టి తప్పనిసరిగా చేసే పనిని మన తాతలు వెట్టి అనేవాళ్లు. వాళ్లకు పోర్టల్ లేదు, అదొక్కటే తేడా.

ఇంతసేపూ ఆ 5 పాయింట్ల గురించే మాట్లాడుతున్నాను గానీ, నా కడుపుమంట దానికోసం కాదు.

మా ఫ్లోర్లో హౌస్‌కీపింగ్ అక్క ఒకావిడ ఉండేది. 9 ఏళ్లు పనిచేసింది. ఏ ఏసీ కారుతుందో, ఏ లిఫ్టు మొరాయిస్తుందో ఆవిడకే తెలుసు. ఒకరోజు యూపీఎస్ గదిలో పొగ వాసన పసిగట్టి, ఉరికి మెయిన్ ఆపించింది. ఆమెకు పోర్టల్లో లాగిన్ లేదు. లాగిన్ కావాలంటే ఎంప్లాయీ ఐడీ ఉండాలి. ఆవిడ మా ఎంప్లాయీ కాదు, ఏజెన్సీ మనిషి. మొన్న మార్చిలో తలకింత తక్కువకు వస్తామన్న వేరే ఏజెన్సీకి కాంట్రాక్టిచ్చారు. పాతవాళ్లందరినీ ఒక్క మధ్యాహ్నంలో పంపేశారు. గేటు దగ్గర ఆవిడ సంచీ వెతికారు. 9 ఏళ్లు మన బల్లలు తుడిచిన మనిషి సంచీని! వెతికించినాయనకు ఆ నెల 'ఉత్తమ పౌరుడు' సర్టిఫికెట్. సిగ్గుండాలి. దాన్ని చూస్తూ లాప్‌టాప్ బ్యాగులు తగిలించుకుని క్యాబెక్కిన మాకు కూడా ఉండాలి.

సస్టైనబిలిటీ రిపోర్టులో ఇదెక్కడా కనపడదు. దేశంలో మార్కెట్ విలువను బట్టి మొదటి 1000 లిస్టెడ్ కంపెనీలు 2022-23 నుంచి బీఆర్ఎస్ఆర్ అనే ఈ సస్టైనబిలిటీ నివేదిక తప్పక ఇవ్వాలి. అందులో కాంట్రాక్టు మనుషులు ఎంతమంది అని అడిగే గడి ఉంది. ఎంతమంది వెళ్లిపోయారు అనే గడి మాత్రం పర్మనెంటు వాళ్లకే. రిజిస్టర్లో లేని మనిషి ఎలా వెళ్లిపోతుంది? ఆ రకంగా మా సంస్థ నిలకడకు ఏ ఢోకా లేదు.

జూలైలో వాన దంచింది. బేస్‌మెంట్లోకి నీళ్లొచ్చి యూపీఎస్ గది గడప దాకా ఎక్కాయి. టికెట్ వేశారు. ప్రయారిటీ పెంచారు. కాల్ పెట్టారు, కాల్లో 14 మంది చేరారు. చివరికి ఫెసిలిటీస్ మేనేజర్ చప్పుడు చేయకుండా ఆ హౌస్‌కీపింగ్ అక్కకు ఫోన్ కలిపాడు. "సారూ, ఎన్క మోరీ మీద జాలీ ఉంటది. దానికి చెత్త పట్టుకుంటది. కట్టెతోని గుంజుండ్రి, పోతయి" అంది. గుంజారు. పోయాయి. ఐదు నిమిషాలకు ఆవిడే మళ్లీ ఫోన్ చేసింది, నీళ్లు తగ్గినయా అని.

శుక్రవారం సాయంత్రం నాకొక నోటిఫికేషన్ వచ్చింది. 'బేస్‌మెంట్ ముంపు నివారణ. పరోపకారం. 25 పాయింట్లు.' చేసినవారు: ఫెసిలిటీస్ మేనేజర్. సాయం పొందినవారి గడిలో నా పేరు పెట్టాడు. టైము 4:56. అప్రూవ్ నొక్కాను. సకాలంలో స్పందించినందుకు నాకూ 2 పాయింట్లు పడ్డాయి.