తడిసిన చీరను కాదు, తడిబట్టల బరువును గీయండి

హైదరాబాద్‌లో పల్లె వాతావరణం పేరుతో నడిచే హోటళ్ళ గోడల మీద చాకిరేవు బొమ్మలు తరచుగా కనిపిస్తాయి. మోకాళ్ళ పైకి ఎగగట్టిన చీర, ఒంటికి అంటుకున్న తడి పైట, మనవైపు తిరిగిన నవ్వుముఖం ఉంటాయి కానీ, చేతిలోని బట్ట మాత్రం చేతిరుమాలంత తేలికగా గాలిలో ఎగురుతుంటుంది. ఇదే పల్లె అందమని ఎవరైనా మెచ్చుకుంటే నాకు బాధ కలుగుతుంది. ఆ బొమ్మలో ఆడమనిషి ఒళ్ళు ఉంది, ఆమె పని లేదు.

ఇల్లిల్లూ తిరిగి మైలబట్టలు తెచ్చి, ఎవరివి ఎవరివో తెలియడానికి నల్లజీడి గింజ రసంతో మూలన గుర్తు పెట్టి, చవుడు మన్ను కలిపిన నీళ్ళలో ముంచి, ఉబ్బకు వేసి, అంటే ఆవిరి మీద ఉడికించి, ఆ తరువాత నడుము వంచి బండ మీద బాది, జాడించి, నీలిమందూ గంజీ పెట్టి ఆరవేసేదాకా సాగిన పని అది. తడిసిన నూలు దుప్పటిని పిండాలంటే ఇద్దరు చెరో కొసా పట్టుకుని మెలిపెట్టాలి. మెలిక బిగిసేకొద్దీ మణికట్టు మీద నరాలు తేలతాయి. నానిన వేళ్ళ కొసలు పాలిపోయి ముడతలు పడి ఉంటాయి. గీయవలసినదంతా అక్కడే ఉంది.

ఫ్రెంచి చిత్రకారుడు డోమియే దానిని చూశాడు. 1860లలో ఆయన గీసిన చాకలి స్త్రీ, పారిస్‌లోని సెన్ నది రేవు నుంచి మెట్లెక్కి వస్తూ, ఒక చంకన బట్టల మూట పెట్టుకుని, రెండో చేత్తో బిడ్డను పట్టుకుని ఉంటుంది. బట్టలు బాదే చెక్క ఆ పసిబిడ్డ చేతిలో ఉంది. తల్లి ముఖం సరిగా కనిపించకపోయినా, ఒంగిన ఆ శరీరాన్ని చూస్తే మూట ఎంత బరువో తెలిసిపోతుంది. మరో ఫ్రెంచి చిత్రకారుడు డెగా 1880లలో గీసిన చిత్రంలో ఒకామె రెండు చేతులతో ఇస్త్రీపెట్టెను అదిమి రుద్దుతుంటే, పక్కనున్నామె సీసా పట్టుకుని నోరు తెరిచి ఆవులిస్తుంది. ఆ ఆవులింత ఆమెను చులకన చేసిందని నేను అనుకోను. మే నెల ఎండలో మన వీధి చివర ఇస్త్రీబండి దగ్గర బొగ్గుల పెట్టెతో నిలబడే స్త్రీ అలసటకూ దీనికీ తేడా లేదు.

ఫ్రాన్సుకే చెందిన తులూజ్-లోట్రెక్ గీసిన చాకలి యువతి చిత్రం 2005 వేలంలో 2 కోట్ల 24 లక్షల డాలర్లు పలికింది. పని చేసిన చేతులకు ఆ విలువలో ఏ వంతూ దక్కని లోకంలో, కనీసం ఆ చేతులను నిజాయితీగా చూపించడం చిత్రకారుడి బాధ్యత. మన దగ్గర ఈ పని కులంతోనూ, దొరల గడీల్లో చేయించుకున్న వెట్టితోనూ ముడిపడి ఉంది కనుక ఆ బాధ్యత ఇంకా పెద్దది.

విసునూరు భూస్వామి దేశ్‌ముఖ్‌ను ఎదిరించి తన సాగుభూమి కోసం నిలబడిన చాకలి ఐలమ్మ పేరును 2024లో కోఠీ మహిళా విశ్వవిద్యాలయానికి పెట్టారు. అక్కడి గోడల మీద ఉబ్బను, జీడిగుర్తును, దుప్పటి పిండే ఆ నాలుగు చేతులను గీయించాలని, ఆ బొమ్మలను రజక కుటుంబాల్లోని పెద్దామెలను కూర్చోబెట్టుకుని, వారు ఒప్పుకున్న తరువాతే పూర్తి చేయాలని నేను కోరుతున్నాను.