సరిహద్దు తెలుగులో ‘మీరు’ ఎందుకు వినిపించదు?

ఆంధ్ర సరిహద్దును ఆనుకుని ఒడిశాలో ఉన్న పర్లాకిమిడి బజారులో బట్టల దుకాణం నడిపే మనిషి ఒక్క పూటలో ఎన్నిసార్లు మాటతీరు మారుస్తాడో గమనించండి. తహసీలు కార్యాలయ ఉద్యోగి లోపలికి వస్తే ‘ఆపణ బసంతు’ (మీరు కూర్చోండి) అని ఒడియాలో కుర్చీ చూపిస్తాడు. రోజూ కనిపించే ఒడియా పరిచయస్థుడిని మీరుకూ నువ్వుకూ నడుమ ఉండే ‘తుమే’ అంటాడు, చిన్ననాటి స్నేహితుడిని పూర్తి చనువుతో ‘తు’ అంటాడు. పాతపట్నం నుంచి వచ్చిన తెలుగు పెద్దావిడను మాత్రం ‘రా అమ్మా, కూర్చో’ అని పిలుస్తాడు. ఆవిడది అతని తల్లి వయసు. ఆ పిలుపులో అగౌరవం లేదు, ఆవిడకూ అలా అనిపించదు. నా ఆందోళన వేరు. ఆ దుకాణదారు కొడుకు రేపు ఒక తెలుగు సభలో ముక్కూమొహం తెలియని పెద్దలతో మాట్లాడవలసి వస్తే, ఏ తెలుగులో మాట్లాడతాడు?

ముందు ఆ ‘నువ్వు’ సంగతి తేల్చుకోవాలి. గోదావరి జిల్లాల నుంచి వచ్చే బంధువులు ఇక్కడి ‘నువ్వు’ విని నొచ్చుకుంటారు. పెళ్లి సంబంధాలప్పుడు ఇది మరీ ఎక్కువ. ‘నువ్వు కూర్చో అత్తా, నేను తెస్తాను’ అని అమ్మాయి అనగానే పెంపకం సరిగా లేదని తీర్పు చెప్పేస్తారు. ఆ తీర్పు అన్యాయం. ఇక్కడి ఇళ్లలో గౌరవం వరుసలో ఉంటుంది. అత్తా, మావా, పెద్దమ్మా, తాతా అని పిలిచిన తరువాత వచ్చే ‘నువ్వు’లో దగ్గరితనం తప్ప మరేమీ లేదు. అదే అమ్మాయి సొంత మేనత్తను ‘మీరు’ అంటే, తనను పరాయిదాన్ని చేసిందని ఆమె బాధపడుతుంది. ఐరోపా భాషల్లో ఏకవచన, బహువచన సంబోధనలను పరిశీలించిన రోజర్ బ్రౌన్, ఆల్బర్ట్ గిల్మన్ 1960లో ఒక మాట చెప్పారు. ఈ ఎంపిక వెనుక అధికారం, సాన్నిహిత్యం అనే రెండు శక్తులు పనిచేస్తాయని వారి వాదన. అబ్బాయి తల్లి ఆ పలుకును మొదటిదానితో తూచింది. అమ్మాయి రెండోదాని నుంచి మాట్లాడింది. సంబంధం తప్పిపోతే నష్టపోయేది మాత్రం అమ్మాయే.

ఆమె ‘నువ్వు’ను మానుకోవాలని నేను అనను. దానితో పాటు ‘మీరు’ కూడా ఆమెకు సొంతం కావలసింది, కాలేదు.

కారణం చరిత్రలో ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు బరంపురం, పర్లాకిమిడి అందులో చేరాయి. 1954లో ఒడియా అధికార భాష అయింది. బడి, కచేరీ, బ్యాంకు, సభ అన్నీ ఒడియాలో నడుస్తాయి. ఒడిశాలో ఒడియా నడవడం న్యాయమే, ఆ భాష మీద నాకు ప్రేమే ఉంది. మన పిల్లలు ఒడియా మర్యాదను ఎంత చక్కగా నేర్చారంటే, ‘సే ఆసిలా’ (వచ్చాడు) ఎక్కడ అనాలో, ‘సే ఆసిలే’ (వచ్చారు) ఎక్కడ అనాలో వారికి ఎవరూ చెప్పనక్కరలేదు. కానీ మర్యాద అవసరమైన ప్రతి చోటునూ ఒడియాకు అప్పగించి, వంటింటిని, బేరాన్ని, పోట్లాటను తెలుగుకు మిగిల్చాం. ఎక్కని మెట్టు ఎక్కడుందో కాలం గడిచేకొద్దీ మరిచిపోతాం. బరంపురంలో ఇద్దరు తెలుగువారు ఒక కార్యాలయంలో తారసపడితే, ఇంటిపేర్లు విని తెలుగువారని తెలిసినా సంభాషణ ఒడియాలోనే మొదలవుతుంది. కొత్తవారిని ‘నువ్వు’ అంటే చనువు తీసుకున్నట్టు, ‘మీరు’ అంటే నాటకం ఆడుతున్నట్టు వారికి అనిపిస్తుంది. ఆ ఇబ్బంది లేని ‘ఆపణ’ వెంటనే నోటికి వస్తుంది.

ఇందులో ఆడవారికి జరిగే నష్టం ప్రత్యేకంగా చెప్పుకోవాలి. తెలుగులో ఒక స్త్రీ గురించి మాట్లాడేటప్పుడు ఏకవచన క్రియ ఆవుకూ బండికీ వాడేదే: వచ్చింది, వెళ్లింది. మగవాడికి ‘వచ్చాడు’ అనే వేరే రూపం ఉంది. స్త్రీని వస్తువుల వరుస నుంచి వేరుచేసేది ‘వచ్చారు’ ఒక్కటే. అది నోటికి అలవాటు కాని పిల్లవాడు తన ప్రధానోపాధ్యాయురాలి గురించి ఇంట్లో ‘మేడమ్ వచ్చింది’ అంటాడు. అదే విషయాన్ని ఒడియాలో చెప్పమంటే గౌరవ క్రియతో చెబుతాడు. గౌరవం అతని మనసులో ఉంది. దాన్ని తెలుగులో పలికే రూపమే అతని దగ్గర లేదు.

వాడుక భాష కోసం జీవితం ధారపోసిన గిడుగు వెంకట రామమూర్తి పనిచేసిన ఊరు ఇదే పర్లాకిమిడి కావడం నన్ను ఎక్కువగా కలచివేస్తుంది. ఇంట్లో ఎలా మాట్లాడితే అన్ని చోట్లా అలాగే మాట్లాడమని ఆయన చెప్పాడని కొందరు అపోహపడతారు. ఆయన కోరింది శిష్ట వ్యావహారికం, అంటే చదువుకున్నవారు నలుగురిలో సహజంగా, మర్యాదగా మాట్లాడే తెలుగు. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలవడం నచ్చక ఆయన రాజమహేంద్రవరం వెళ్లిపోయాడు, 1940లో కన్నుమూశాడు. ఆయన అడిగిన ఆ నడిమి తెలుగే ఈ ఊళ్లో ఇప్పుడు పలచబడింది.

గిడుగు నుంచి నేర్చుకోవలసింది మరొకటి ఉంది, అది మనకు అంత సుఖంగా ఉండదు. చుట్టూ ఉన్న కొండల్లోని సవర గిరిజనుల భాషను ఆయన పట్టుబట్టి నేర్చుకున్నాడు, వారి పిల్లల చదువు కోసం పాటుపడ్డాడు. నేటి సంతలో చింతపండు, పసుపు అమ్ముకోవడానికి దిగివచ్చిన సవర ముసలాయనను మనం ఎలా పిలుస్తున్నాం? తెలుగు వర్తకుడు ‘నువ్వు’ అంటాడు, ఒడియా వర్తకుడు ‘తు’ అంటాడు. అక్కడ వరుస కలపరు, తాతా అనరు. వరుస లేని ‘నువ్వు’ దగ్గరితనం కాదు, అధికారమే. అత్తగారి ముందు మన అమ్మాయి పలికిన ‘నువ్వు’ను ఎంత గట్టిగా సమర్థిస్తానో, సంతలోని ఈ ‘నువ్వు’ను అంత గట్టిగా ఖండిస్తాను. తన తాత వయసు మనిషిని అలా పిలిచే తండ్రి పక్కన కూర్చున్న పిల్లవాడికి, ‘మీరు’ అంటే డబ్బున్నవారికి మాత్రమే ఇచ్చేదని అర్థమవుతుంది.

మరి ఏం చేయాలి? భాషాపరమైన అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక చదువు మాతృభాషలో అందే సౌకర్యాలు కల్పించాలని రాజ్యాంగంలోని 350ఎ అధికరణం చెబుతోంది. 1956లో ఏడో సవరణతో అది చేరింది. దాని అమలు కోసం అడుగుతూనే ఉండాలి. కానీ పాఠ్యపుస్తకం రాత నేర్పుతుంది, నలుగురిలో మాట నేర్పదు. టీవీ వినిపిస్తుంది, జవాబు చెప్పే అవకాశం ఇవ్వదు. పిల్లలు తెలుగులో పెద్దరికంగా మాట్లాడవలసిన సందర్భాలు మనమే కల్పించాలి. గుడి కమిటీలో, నేతపనివారి సంఘంలో, పెళ్లిపందిట్లో అతిథులను ఆహ్వానించే పని పదిహేనేళ్లవారికి అప్పగించవచ్చు. తడబడితే దిద్దేవారు పక్కన ఉండాలి, నవ్వేవారు కాదు. పెద్దలు కూడా ఆ వేదిక మీద సొంత పిల్లలను ‘మీరు చెప్పండి’ అనడం మొదలుపెట్టాలి.

గిడుగు జయంతి అయిన ఆగస్టు 29న ఊరూరా పిల్లలతో పద్యాలు అప్పజెప్పిస్తారు. ఈసారి బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ తెలుగు సంఘాలు ఆ సభను మొత్తం పిల్లల చేతికే ఇవ్వాలి. స్వాగతం, పరిచయాలు, పెద్దలను ప్రశ్నలు అడగడం, వందన సమర్పణ అన్నీ కాగితం చూడకుండా తెలుగులోనే సాగాలి. అతిథుల్లో ఒక సవర పెద్ద ఉండాలి, ఆయనను అడిగే ప్రశ్నలు కూడా ‘మీరు’తోనే మొదలుకావాలి.