గుల్లపిల్లలు వదిలితే వేట పెరుగుతుందా?

గుల్లజీవుల పిల్లలను పెంచి సముద్రంలో వదిలే ఏ కార్యక్రమం నివేదిక తెరిచినా ముందుగా కనిపించేది ఒక పెద్ద అంకె. ఈ ఏడాది ఇన్ని లక్షల సీడ్ (పిల్లలు) వదిలాం అని. అది ఖర్చు లెక్క. ఫలితం తేలాలంటే ఆ పిల్లలు వేట సైజుకు ఎదిగేదాకా కొన్నేళ్లు ఆగాలి. నిధులిచ్చేవాళ్లకు అంత ఓపిక ఉండదు.

అసలు ముందు హ్యాచరీలో, అంటే పిల్లలను పుట్టించి పెంచే కేంద్రంలో, పుట్టిన గుల్ల ఏదో, సముద్రంలో పుట్టింది ఏదో వేరు చేయగలగాలి. అబలోన్‌ల (రాళ్లకు అతుక్కుని బతికే ఒంటి పెంకు సముద్ర నత్తల) విషయంలో ఇది తేలిక. హ్యాచరీ మేత వల్ల చిన్నప్పటి పెంకు ఆకుపచ్చగా తయారవుతుంది. సముద్రంలోకి వెళ్లి నాచు తినడం మొదలెట్టాక పెరిగే భాగం గోధుమ రంగుకు తిరుగుతుంది, కానీ పెంకు కొన దగ్గరి పచ్చ మచ్చ అలాగే ఉండిపోతుంది. ఏళ్ల తర్వాత రేవులో పోసిన గుట్టలోంచి ఒకటి తీసి, పైన పేరుకున్నది గీకి చూస్తే అది ఎక్కడ పుట్టిందో చెప్పేయొచ్చు. అన్ని జాతులకూ ఇలాంటి సదుపాయం లేదు. వాటి పెంకులకు రంగు పట్టించడమో, జన్యు పరీక్షలు చేయడమో తప్పదు.

అయితే పచ్చ మచ్చలు ఎక్కువ కనిపించినంత మాత్రాన సంబరపడటానికి లేదు. రేవుకొచ్చిన వాటిలో సగం హ్యాచరీవే అనుకుందాం. సహజంగా పుట్టేవి తగ్గిపోతే ఆ లోటును ఇవి పూడ్చి ఉండొచ్చు. లేదంటే ఉన్న కాస్త నాచునూ రాతి సందులనూ ఇవే ఆక్రమించి, అక్కడ పెరగాల్సిన వాటిని గెంటేసి ఉండొచ్చు. అదే జరిగితే మొత్తం పట్టుబడి ఒక్క కిలో కూడా పెరగదు. అందుకే పిల్లల్ని వదలని చోటుతో, వదలని ఏళ్లతో పోల్చి చూడాలి. ఆ పోలిక లేని నివేదికను నేనైతే నమ్మను.

జపాన్‌లో ఏటా కోట్ల సంఖ్యలో అబలోన్ పిల్లలను వదులుతూ వచ్చారు. అయినా 1970 ప్రాంతంలో 6,000 టన్నులు దాటిన పట్టుబడి 1990ల్లో 2,000 టన్నుల దగ్గరికి దిగజారింది. వదలకపోతే ఇంకా పడిపోయేది అనేవాళ్లున్నారు. కావచ్చు, కానీ అది నిరూపించాల్సింది వదిలేవాళ్లే.

అదే దేశంలో హొక్కైడో దీవి స్కాలప్‌ల (రెండు పెంకుల గుల్లల) కథ వేరు. 1970ల్లో ఊపందుకున్న ఆ పద్ధతిలో పిల్లలు హ్యాచరీవి కూడా కావు. సముద్రంలోనే వల సంచులు వేలాడదీసి, వాటికి అంటుకున్న పిల్లలను కొన్నాళ్లు సాకుతారు. అడుగు నేలను భాగాలు చేసి, వదిలేముందు వాటిని తినే సముద్ర నక్షత్రాలను ఏరేస్తారు. వదిలిన భాగాన్ని కొన్నేళ్లు ముట్టుకోరు. అక్కడ వేట హక్కు స్థానిక మత్స్యకారుల సహకార సంఘానిదే కాబట్టి విత్తినవాళ్లే కోసుకుంటారు. నా ఉద్దేశంలో ఆ విజయంలో పిల్లల వాటా కన్నా ఈ ఏర్పాటు వాటాయే పెద్దది.

ఇక డబ్బు సంగతి. వదిలిన నూటికి 5 వేటలో దక్కితే, దక్కిన ఒక్కో గుల్ల మీద 20 పిల్లల ఖర్చు పడినట్టే. కాస్త పెద్దవి వదిలితే పీతల బారి నుంచి ఎక్కువ బతుకుతాయి, కానీ అన్ని నెలలు అదనంగా మేపాలి. పిల్లల్ని వదిలే రోజు ఫొటోలు పడతాయి, వేట ఆపమంటే తిట్లు పడతాయి. అయినా సరే, వేటకు కొన్నాళ్లు విరామమిచ్చి, కనీస సైజు నిబంధనను గట్టిగా అమలు చేయడానికి అదే డబ్బు పెడితే ఎంత దక్కేదో కూడా లెక్కగట్టి ఆ నివేదికలోనే పక్కన చూపించాలి.