చెరువు గట్టు మీద నిద్ర పట్టని రాత్రులు, హిప్నాసిస్ గురించి కొంచెం

భీమవరం దగ్గర రొయ్యల చెరువులున్న మా బాబాయికి రాత్రి రెండింటికల్లా మెలకువొచ్చేసేది. నీళ్ళలో గాలి కలిపే చక్రాలు, ఏరియేటర్లంటారు, వాటి చప్పుడు వినపడతందా లేదా అని చెవులు రిక్కించుకుని పడుకునేవాడు, కరెంటు పోయి నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతే తెల్లారేసరికి రొయ్యలు పైకి తేలిపోతాయని భయం. ఆ భయంలో తప్పేం లేదు, వనామీ రకం రొయ్య వేసిన ప్రతి రైతుకీ ఉండేదే, దానికి తోడు 2025 ఆగస్టులో మన సరుకు మీద అమెరికా సుంకం 50 శాతానికి వెళ్ళాక రేటు ఎంత పలుకుద్దోనన్న బెంగ ఒకటి. కానీ పట్టుబడి అయిపోయి చెరువు ఎండగట్టిన నెలలో కూడా అదే టైముకి గుండె దడదడలాడి, అరచేతులు చెమటలు పట్టి, ఊపిరందనట్టు లేచి కూర్చుంటున్నాడంటే అది ఇంక చెరువు గొడవ కాదు కదా.

ముందు గుండె డాక్టరు, ఈసీజీ, ఎకో, అన్నీ నార్మల్. తర్వాత గ్యాస్ మాత్రలు. తర్వాత ఎవరో చెప్తే అంత్రం, అదే తాయెత్తు, కట్టించారు. మన డెల్టాలో కంగారు జబ్బున్న మనిషి తిరిగే దారి చాలావరకు ఇదే, దీన్ని మనసుకి సంబంధించిన జబ్బు అనడానికి నోరు రాదు, అనేస్తే పిచ్చి అనుకుంటారని. ఏడాది తర్వాత రాజమండ్రిలో సైకియాట్రిస్టు దగ్గరకి వెళ్తే మందు రాసి, పక్కనే ఉన్న సైకాలజిస్టు దగ్గరకి పంపారు, ఆవిడ రెండు మూడు సిట్టింగులయ్యాక హిప్నాసిస్ కూడా చేద్దామన్నారు. ఆ మాట వినగానే మా పిన్ని ఫోన్ చేసి "ఒరేయ్, వశీకరణం లాంటిదేమోరా, మీ బాబాయి చేత ఏ సంతకాలన్నా పెట్టించేసుకుంటారేమో" అని ఏడుపు.

పిన్ని భయం నాకు అర్థమైంది. మనం హిప్నాటిజం చూసింది స్టేజీల మీద, సినిమాల్లో. కానీ అది నిద్ర కాదు, ఒళ్ళు తెలీకపోవడమూ కాదు. నరసాపురం రేవులో గోదారి దాటించే పంటు ఎక్కి నీళ్ళ వంకే చూస్తూ కూర్చుంటే అవతలి ఒడ్డున సఖినేటిపల్లి ఎప్పుడొచ్చిందో తెలీదు చూడండి, పక్కన మాటలన్నీ వినపడతానే ఉంటాయి, మనసు మాత్రం ఒక్కచోటే ఉంటుంది, దాదాపు అలాంటి స్థితి. ఆ స్థితికి కావాలని తీసుకెళ్ళి, ఊపిరి నెమ్మదించాక, భయపెట్టే సంగతిని ఊహలో కొంచెం కొంచెంగా చూపిస్తూ ఒళ్ళు బిగుసుకోకుండా ఉండటం అలవాటు చేస్తారు. ఇష్టం లేకపోతే మధ్యలో లేచి వచ్చేయొచ్చు.

ఇది మన దేశానికి కొత్తేం కాదు. 1845లో బెంగాల్లోని హుగ్లీలో జేమ్స్ ఎస్డెయిల్ అనే సర్జన్ వరిబీజం, బోదవ్యాధి వల్ల వచ్చే పెద్ద పెద్ద గడ్డలకి ఆపరేషన్లు చేశాడు, మత్తుమందుల్లేని రోజులు, అప్పట్లో మెస్మరిజం అనేవాళ్ళు, దాంతోనే నొప్పి తగ్గించి చేశాడు. బోదకాలు అంటే ఏంటో మన గోదారోళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. తర్వాత ఈథర్, క్లోరోఫాం వచ్చాయి, ఇది వెనకబడిపోయింది. 1955లో బ్రిటిష్ మెడికల్ అసోసియేషన్, 1958లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ దీనికి వైద్యంలో చోటుందని ఒప్పుకున్నాయి.

మరి కంగారుకి పనిచేస్తుందా? 2019లో 17 ట్రయల్స్‌ని కలిపి చూసిన ఒక విశ్లేషణలో, చికిత్స పూర్తయ్యే టైముకి హిప్నాసిస్ తీసుకున్న సగటు మనిషికి, తీసుకోనివాళ్ళలో 79 శాతం మందికన్నా ఎక్కువగా ఆందోళన తగ్గిందని తేలింది. వేరే సైకలాజికల్ చికిత్సతో కలిపితే ఇంకా బాగా పనిచేసింది. నాకు ఈ రెండో ముక్కే ముఖ్యం అనిపించింది. ఎందుకంటే ఇది ఒంటరిగా నిలబడే వైద్యం అని నేను నమ్మట్లేదు, ఆందోళనకి ముందు వరసలో ఉన్నవి ఆలోచనల తీరు మార్చే సీబీటీ థెరపీ, అవసరమైతే మందులు, హిప్నాసిస్ వాటికి చేదోడు. పైగా అందరికీ ఒకేలా పట్టదు, కొద్దిమంది తేలిగ్గా ఆ స్థితిలోకి వెళ్తారు, కొద్దిమంది అసలు వెళ్ళలేరు, ఎక్కువమంది మధ్యలో ఉంటారు. వెళ్ళలేకపోతే అది మనోబలం లేకపోవడం కాదు.

నాకు కోపం వచ్చేది మూడు సిట్టింగుల్లో గ్యారంటీ అని ప్యాకేజీలు అమ్మేవాళ్ళ మీద, గతజన్మలోకి తీసుకెళ్ళి మీ భయానికి మూలం చూపిస్తాం అనేవాళ్ళ మీద ఇంకా ఎక్కువ. హిప్నాసిస్‌లో గుర్తొచ్చిందల్లా నిజం కాదు, అడిగే తీరుని బట్టి జరగనివి కూడా జరిగినట్టే అనిపిస్తాయి, భయంతో ఉన్న మనిషి బుర్రలో అలాంటిది ఒకటి నాటితే ఏమవ్వాలి? భ్రమలు, చెవిలో మాటలు వినపడే జబ్బున్నవాళ్ళకి సైకియాట్రిస్టు ఒప్పుకోకుండా దీని జోలికి వెళ్ళనే కూడదు. కాబట్టి నేను అడగమనేది ఒకటే ప్రశ్న: హిప్నాసిస్ అనేది లేకపోయినా ఈ మనిషి ఆందోళనకి వైద్యం చేయగలడా? సైకియాట్రిస్టో, ఆర్‌సీఐలో, అంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో, రిజిస్టరైన క్లినికల్ సైకాలజిస్టో అయితే చేయగలరు, వారాంతం కోర్సు సర్టిఫికెట్ గోడకి తగిలించుకున్నాయన చేయలేడు. రాజమండ్రి దాకా వెళ్ళలేనివాళ్ళు ముందు మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, డబ్బులేం తీసుకోరు, తెలుగులోనే మాట్లాడతారు.

మా బాబాయికి ఆవిడ చేసింది నాకు బాగా నచ్చింది. ఆయన ఏ చప్పుడు కోసం రాత్రంతా చెవులు రిక్కించేవాడో ఆ ఏరియేటర్ చప్పుడునే తీసుకున్నారు, చక్రం తిరిగే లయతో ఊపిరి కలపమని, ఒక్కో తిప్పుకి భుజాలు వదులు చేయమని నేర్పించి, ఆ మాటలు ఫోన్లో రికార్డ్ చేసిచ్చారు. రోజూ పడుకునే ముందు చెరువు మీద పాకలో మంచమ్మీద పడుకుని పదిహేను నిమిషాలు వింటాడు. మందు ఇంకా వాడుతున్నాడు, డోసు తగ్గించారు. కరెంటు పోతే ఇప్పటికీ మెలకువొచ్చేస్తుంది, లేచి జనరేటర్ వేసి, టార్చి పట్టుకుని గట్టు మీద ఒక రౌండ్ తిరిగొచ్చి, మళ్ళీ పడుకుంటున్నాడు.