అనంతపురానికి ఇక రాత్రి అక్కర్లేదు

వానల విషయంలో మన జిల్లాకు జరిగిన అన్యాయం అందరికీ తెలిసిందే, అయితే వెలుతురు విషయంలో మనం ఎవరినీ దేబిరించకుండా సొంతంగా సాధించుకున్నాం. నమ్మకపోతే రాత్రి తొమ్మిది దాటాక కళ్యాణదుర్గం రోడ్డెక్కి చూడండి. 44వ నంబరు హైవే మీద మధ్యలో డివైడర్ అడ్డొచ్చి మనవాళ్ల హెడ్‌లైట్ల ప్రతిభ సగం వృథా అవుతుంది గానీ, ఇక్కడ ఆ ఇబ్బంది లేదు, మొత్తం నేరుగా కండ్లలోకే.

అసలు తప్పు కంపెనీ వాళ్లది. హెడ్‌లైటులో హెచ్4 రకం బల్బు ఒకటి బిగించి, దూరం కొట్టే హై బీమ్‌కు 60 వాట్లు, కిందికి దించిన లో బీమ్‌కు 55 అని లెక్కగట్టి ఇస్తారు. ఎంత పిసినారితనం! అందుకే మనవాళ్లు 100/90 వాట్ల బల్బు వేయించారు, హోల్డర్ కరిగి కాలిన వాసన వస్తే ఎల్ఈడీకి మారారు. ఆ హెడ్‌లైటు లోపలి రిఫ్లెక్టర్‌ను పాత బల్బులో వెలిగే తీగ, అదే ఫిలమెంట్, ఎక్కడుంటుందో చూసి దానికి తగ్గట్టు మలిచారు, ఎల్ఈడీ చిప్ సరిగ్గా ఆ చోట కూర్చోకపోతే వెలుగు చెదిరిపోతుంది అని చదువుకున్నవాళ్లు గొణుగుతుంటారు. చెదిరితే ఏం? చింతచెట్టు చిటారుకొమ్మన కాకిగూడు కనపడుతోంది, ఎదురొచ్చే బస్సు డ్రైవరు మొహం కనపడుతోంది. గుంత ఒక్కటే కనపడదు. అది ఎక్కడికి పోతుంది లెండి, రేపు పగలు చూసుకోవచ్చు.

మొన్న మెకానిక్ షెడ్డులో విన్న మాటలివి.

"అన్నా, బ్యాటరీ నుంచి నేరుగా మందం వైరు లాగి రిలే వేస్తా, అదీ ఒక స్విచ్చి లాంటిదే. సన్న వైర్లు, స్విచ్చి చుట్టూ తిరిగొచ్చేసరికి కరెంటు తగ్గిపోతాంది, అందుకే డిమ్ముగా ఉంది. రిలే వేస్తే ఈ బల్బే బాగా ఎలుగుతాది."

"ఆ రిలే బయటికి కనపడతాదా?"

"లేదన్నా, బానెట్ లోపల ఉంటాది."

"అయితే వద్దులే."

చూశారా స్పష్టత! పచ్చబడిన హెడ్‌లైటు అద్దాన్ని పాలిష్ చేయించుకోవచ్చు, బండిని గోడకెదురుగా పెట్టి లైటు వెనకున్న స్క్రూ తిప్పి బీమ్ దించుకోవచ్చు, రెండూ చవకే. కానీ వాటిలో దర్జా ఏదీ?

ఒకప్పుడు హెడ్‌లైటు పైభాగానికి నల్లరంగు పూసుకుని తిరిగేవాళ్లు, లారీల వెనక 'యూజ్ డిప్పర్ ఎట్ నైట్', అంటే రాత్రిపూట లైటు డిమ్ కొట్టమని, రాసుకునేవాళ్లు. ఆ రాత అక్కడక్కడా ఇంకా ఉంది, ఆ లారీ డ్రైవర్లలో కొందరు పాపం దాన్ని పాటిస్తున్నారు కూడా. మనకు మాత్రం ముందుగా డిమ్ కొట్టినవాడు ఓడినట్టు లెక్క. ఇద్దరు విజేతలు ఎదురెదురుగా వచ్చి ఇద్దరికీ ఏమీ కనపడని ఆ నాలుగు క్షణాల్లోనే, వెనక లైటు గానీ రిఫ్లెక్టర్ స్టిక్కర్ గానీ లేని వేరుశనగ ట్రాక్టరు మధ్యలో నిమ్మళంగా పోతుంటుంది.

కంపెనీ ఇచ్చిన బండిని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుందట. చెప్పనీ. ఇంత వెలుగులో ఆ అక్షరాలు చదవడం ఎవరివల్ల అవుతుంది?

ప్రభుత్వానికి నాదొకటే మనవి. తాడిపత్రి దగ్గర తలారిచెరువులో సోలార్ పార్కు కట్టారు, అది పగలు మాత్రమే పనిచేస్తోంది. నాలుగు ప్యానెళ్లు తెచ్చి కళ్యాణదుర్గం రోడ్డుకు ఎదురుగా తిప్పి పెడితే నైట్ షిఫ్ట్ కూడా నడుస్తుంది. ఖర్చంటారా, ఎదురొచ్చేవాళ్లు భరిస్తారు. ఎలాగూ భరిస్తున్నారు కదా.